శేరు తవుడు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో
షట్టరు సగం దించాక
జెరాక్స్ మిషను వేడి చల్లారకముందే
పగలంతా ఊళ్ళోవాళ్ళకి
ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు కొట్టిన వేళ్ళతోనే
నా వాళ్ళని ఎక్కించడం మొదలెట్టాను.

సాఫ్ట్‌వేర్ ఉచితమే.
తెలుగు అక్షరాలు పడతాయి గానీ
ఒత్తులు కింది పెట్టెలోకి జారుతుంటాయి.
మా ముత్తవ్వ అప్పలనర్సమ్మ
ఎన్నిసార్లు సరిచేసినా
కాళ్ళు కొడుకు నెత్తిమీదే పెట్టుకుంటుంది.

ప్రశ్నలు ఇంగ్లీషులో అడుగుతుంది,
నేను మనసులో తెలుగు చేసుకుంటాను.
అందుకేనేమో కాస్త మర్యాదగా వినిపిస్తుంది.
పుట్టిన తేదీ చెప్పండి.
రోజుకో గడి, నెలకో గడి, సంవత్సరానికో గడి.
"గనిలోకి నీల్లొచ్చి పని ఆగిపోన యేడు,
ఉలవలు కోత్తన్నపుడు" అని నా దగ్గర రాసి ఉంది.
ఉలవలకి గడి లేదు.

మేనరికాలు దానికి ఎక్కవు.
గురువులు తాత పెళ్ళాం
స్వయానా అతని అక్క కూతురు.
ఆ గీత గియ్యగానే పసుప్పచ్చ త్రికోణం వెలిగింది:
ఈమె రెండు తరాల్లో ఉన్నారు, సరిచూసుకోండి.
సరిచూసుకున్నాను.
ఆ పసుపు పెళ్ళిదే అనుకుని కిందికి దిగాను.

తాత దగ్గర నా చెయ్యి ఆగింది.
తవిటయ్య.
రేషన్ కార్డులో ఒకలా, పాస్‌బుక్కులో ఒకలా,
ఓటరు లిస్టులో ఇంకోలా,
మూడు స్పెల్లింగులతో ముగ్గురై కూర్చున్నాడు.
ఒక్క మనిషిలానే ఉన్నారు, కలిపేయనా?
కలిపేయమన్నాను.
తోబుట్టువులు?
సున్నా కొట్టబోయాను.

ఆ పేరుకి సున్నా ఎలా అవుతుంది?
మావైపు ఎవడూ ఊరికే తవుడు కాడు.

దాలమ్మత్తకి ఫోన్ చేశాను.
టీవీ సౌండు తగ్గించి చెప్పింది:
"ఆడికి ముందల ముగ్గురో నలుగురో పోనారే.
ఎవులు లెక్కెట్టారు?
ఈడు పుట్టగానే సేటలో ఏసి
మంత్రసాని సేతిలో ఎట్టీసి
సేరు తవుడిచ్చి మల్లీ కొనుక్కుందంట మా నానమ్మ.
కొన్నోడి జోలికి సావు రాదంట.
పేర్లా? ఒలే,
పేరెట్టీదాకా ఉంటే గదా."
సీరియల్ మళ్ళీ గట్టిగా వినబడింది.

మూడు గళ్ళు తెరిచాను.
కాసేపాగి నాలుగోది కూడా.
ఎక్కువైతే ఒక గడి వృథా అవుతుంది,
తక్కువైతే ఒక బిడ్డ బయట ఉండిపోతుంది.

పేరు తప్పనిసరి, అంది ఎర్ర చుక్క.
తెలియదు, అని కొట్టాను.
తెలియదు. తెలియదు. తెలియదు.
ఆడో మగో అన్నచోట కూడా అదే.
అమ్మానాన్నలు ఒకరే, పేరు ఒకటే, తేదీల్లేవు.
వీళ్ళంతా ఒక్కరిలానే ఉన్నారు, కలిపేయనా?
వద్దన్నాను.
ఒక జత అయ్యాక ఇంకో జతని తెచ్చి చూపించింది.
నలుగురిలో ఆరు జతలుంటాయని
బళ్ళో లెక్కల మాస్టారు చెప్పినప్పుడు
ఎందుకు పనికొస్తుందో తెలీలేదు.
ఆరుసార్లు అడిగింది,
ఆరుసార్లూ వద్దన్నాను.

ఆధారం ఏమిటి? రికార్డు, రిజిస్టరు, శాసనం, ఇతరం?
ఇతరం నొక్కి
వాళ్ళ తమ్ముడి పేరు రాశాను.

విశాఖ వైపు గూడ్సు ఒకటి పోయింది,
మానిటర్ మీద అందరూ కాస్త వణికారు.

పొద్దున్న మొదటి టోకెను మెరకముడిదాం ఆవిడది.
ఆధార్ కార్డులు రబ్బరు బ్యాండు వేసి తెచ్చుకుంది.
ఎప్పట్లాగే తలెత్తకుండా
పిల్లలెంతమందమ్మా అని అడిగాను.
"ఉన్నోలా, పుట్టినోలా?" అంది.

ఫారంలో గడి ఒకటే ఉంది.