వి ఎవరండీ

తెల్లారి నాలుగున్నరకి పైలట్ ఫోను:
"రాత్రి టగ్గు దగ్గర 'వి' అని ఉంది.
వి ఎవరండీ?"

నేనప్పటికి కాన్వెంట్ జంక్షన్లో
రెండో టీ తాగుతున్నాను,
స్క్రిప్టు రాసి నిద్రపోయినవాడి నిశ్చింతతో.

ఉండాల్సిన పేరు ఉద్ధవ్.
పాత టగ్గు. పొగ ఎక్కువ, మాట వింటుంది.
అది రాక, బొగ్గు ఓడ ఒకటి
డాల్ఫిన్స్ నోస్ అవతల
బడికి ఆలస్యమైన పిల్లాడిలా నిలబడిపోయింది.

పదకొండేళ్లు ఆ ఫైలు నూకరత్నంగారిది.
మిగతా లిస్టులన్నీ ఎప్పుడో మెషీన్ల పాలయ్యాయి.
చేతికి మిగిలింది ఒక్క వరుస:
ఈ రాత్రి టగ్గు ఏది.
రెండింటికి నల్ల తెర తెరిచి,
నిన్నటి పేరు కొట్టేసి, ఇవాళ్టిది రాసి,
ఒక ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకునేవారు.

ఒక్క వరుస కోసం ఒక మనిషా అన్నారు పైవాళ్లు.
మనిషి లేకపోయినా అవుతుందన్నాను నేను.
ఆవిణ్ణి పగటి డ్యూటీకి, లారీల కాటా దగ్గరికి మార్చారు.

వెళ్లేముందు వారం పక్కన కూర్చుని
ఆవిడ నొక్కే కీలన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాను.
మధ్యలో ఒకసారి కుడిచేతి నడిమివేలు
దేనికో తగిలి వచ్చేది, ఊపిరి తీసుకున్నట్టు.
అలవాటు అనుకున్నాను. రాసుకోలేదు.

వేళ్ల బదులు ఫైలు. మనిషి బదులు గొట్టం.
మొదటి రాత్రే ఎడిటర్ గొణిగింది:
హెచ్చరిక, ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి రావడం లేదు.
ఆ గొణుగుడు లాగ్‌లో పడింది.
లాగ్ ఎవరు చూస్తారు?

రెండో రాత్రి టగ్గు అరుణ.
తెల్లారి చూస్తే రుణ.
అక్షరం జారిందిలే అని అందరూ నవ్వారు,
టగ్గు మాత్రం వచ్చింది.
మూడో రాత్రి ఉద్ధవ్.

ఆ ఎడిటర్‌కి రెండు ప్రాణాలు.
ఒకదానిలో అక్షరం అక్షరమే.
ఇంకోదానిలో ప్రతి అక్షరం ఆజ్ఞ.
కళ్లు తెరిచేది ఆజ్ఞలోకే.

యు: ఇప్పుడు చేసింది రద్దు.
చెరిపేసిన నిన్నటి పేరు లేచి కూర్చుంది.
డి, డి: ఈ వరుస కొట్టెయ్.
మళ్లీ పోయింది.
హెచ్: ఎడమకి జరుగు. జరగడానికి చోటు లేదు.
ఏ: ఇక్కణ్ణించి రాసుకో.
రాయడానికి మిగిలింది
వి.

ఎండలో, లారీల మధ్య, కాగితం చూసి ఆవిడ నవ్వలేదు.
"ముందల ఐ కొట్నావేటి?"
లేదండి.
"నాను రాత్తన్నాను అని దానికి సెప్పాల గదా బాబూ.
సెప్పకపోతే నువ్వు పేరెట్టి పిల్సినా
పని సెప్తన్నావనుకుంటాది."

ఐ చేర్చొచ్చు. చేర్చలేదు.
ఎడిటర్నే తీసేశాను.
తెర తెరవకుండా, పారే నీళ్లలోంచి
పేరు పట్టి మార్చేసే చిన్న పనిముట్టు ఉంది.
అది ఎవర్నీ ఏమీ అడగదు.

పైన ఒక్క వరుస మాత్రం రాశాను:
టెర్మినల్ ముందు ఎవరైనా ఉన్నారేమో చూడు,
ఉంటే వాళ్ల చేతికివ్వు.
రోజూ రెండింటికి అది చూస్తుంది.
ఎవరూ ఉండరు. దాటిపోతుంది.

మొన్న మూడో నంబరు ఎగరేసిన రాత్రి
లారీలు ఆపేశారు, బస్సుల్లేవు.
నూకరత్నంగారు ఆఫీసులోనే ఉండిపోయారు.
రెండవబోతుంటే వచ్చి పాత కుర్చీలో కూర్చుని
స్క్రిప్టుని చేత్తో నడపమన్నారు.

నడిపాను. తెర తెరుచుకుంది.
కీబోర్డంతా బొగ్గు నుసి.
ఒక్క కీ మీదే అక్షరం అరిగిపోయి ఉంది.
మూడు నెలలుగా దాన్ని మార్పించాలనుకుంటున్నాను.

నడిమివేలు తగిలి వచ్చింది.
పేరు పూర్తిగా పడింది.

"ఈ ఉద్దవుకి పొగ తగ్గినాదేటి?"
తగ్గలేదండీ.
ఉసిరి డబ్బా నా వైపు జరిపారు.