దస్తగిరి సాబు ఎనిమిది పొద్దులు

పన్నెండు రాత్రులు షిఫ్టు చేసి
ఈ పొద్దు టీవీ పెడితే పాటల గంప ఖాళీ.
"ఇక్కడ ఏమీ లేదు" అని తెల్లటి అక్షరాలు,
సంత ఎత్తేసిన బయలు మాదిరి.

ప్రొద్దుటూరు. మే నెల. రాత్రి పదిన్నర.
మైదుకూరు రోడ్డు తారు ఇంకా మెత్తగానే ఉండాది.
సబ్‌స్టేషన్లో సగం ఊరికి కరెంటు వదిలేదాన్ని,
ఒక్క పెట్టెతో మాట్లాడించలేక
బియ్యం డబ్బా పక్కన చతికిలబడితి.

పెట్టె పాతది.
మున్సిపాలిటీ వాళ్లు తూకానికి వేస్తే
వన్నూరప్ప గుజిరీలో పన్నెండొందలకు తెస్తి.
విండోస్ మోయలేక రొప్పుతుంటే లినక్స్ ఎక్కిస్తి.
అప్పట్నుంచి తన వయసు మరిచిపోయింది.

తొలుత వైరు చూస్తి. బాగుండాది.
పింగు కొడితి. ఊ అనింది.
సర్వీసు ఆపి మళ్లీ లేపితి.
లేచింది, మొహం కడుక్కుంది,
మళ్లీ అదే మాట: ఇక్కడ ఏమీ లేదు.
అనుమతులు చూస్తి.
ఎవరు చదవాల, ఎవరు రాయాల,
మా మామగారి భాగపంపకాల కాగితం కంటే తేటగా ఉండాయి.

"రేపు చూసుకోరాదా" మిద్దె మీద నుంచి మా ఆయన.

రేపు ఎట్ల?
ఎదురింట్లో దస్తగిరి సాబు ఉండాడు.
పెండ్లి బేరం ఉన్నా లేకున్నా
నాలుగున్నరకు గోడకు వీపానించి
నాదస్వరం మీద బౌళి ఎత్తుకుంటాడు.
మా కిటికీలో మైకు పెట్టి పది నెలలుగా పట్టుకుంటాండా.
పందొమ్మిదో తేదీ ఆయన ముందటి పన్ను ఊడింది.
"ఇంక పీక పండ్ల మధ్య నిలబడదు ఈశ్వరమ్మా" అని
నవ్వినాడు, చెయ్యి అడ్డం పెట్టుకోని.

లాగు తెరిస్తి.
వేల వరసలు. చీమల బారు.
కండ్లు మండి, నీళ్లు చల్లుకోని, మళ్లీ చదివితి.
పదకొండో తేదీ, రెండూ నలభై:
డిస్కు కనపడలేదు. ముందుకు పోతున్నాను.

రెండూ నలభై.
గాలివానకు ఆ ఫీడరు ఆపింది ఎవరు?
నేనే. ఈ చేత్తోనే.
రిజిస్టరులో సంతకం కూడా చేస్తి.

కరెంటొచ్చి పెట్టె లేచేసరికి
రెండోదిగా వచ్చే డిస్కు మూడోదిగా వచ్చి ఉంటుంది.
నేనేమో వరుసను బట్టి రాసి పెట్టినా, పేరును బట్టి కాదు.
రేషను క్యూలో రెండో మనిషికి అప్పిచ్చినానని రాసుకుంటే
మర్నాడు ఆ చోట ఎవరు నిలబడి ఉంటారో!
దాని అసలు నంబరు, ముప్పై ఆరు గుర్తుల తోక,
ఒక్కొక్కటే పలుక్కుంటా కొడితి.
మౌంటు.

పాటలొచ్చె. సినిమాలొచ్చె.
సాబు ఫోల్డరూ వచ్చె, పది నెలలదీ,
పదో తేదీ దాకా.
ఆ పైన లేదు.

పన్ను ఉన్న చివరి ఎనిమిది పొద్దులు లేవు.

కుండలో నీళ్లు రెండు చెంబులు తాగితి.
బల్లి ఒకటి ట్యూబులైటు కింద కదలకుండా ఉండాది.
అప్పుడు గుర్తొచ్చింది
నా స్క్రిప్టులో నేనే రాసిన ఒక వరస:
గది లేకుంటే కట్టుకో.
డిస్కు రాని రోజుల్లో అది పాపం
వట్టి నేల మీదనే గది కట్టుకోని రాసుకుంటా కూచుంది.
నేనొచ్చి దాని మీద చాప పరిస్తి.

చాప పరిస్తే కింద నేల యాడికి పోతాది?

చాప ఎత్తితి.
ఎనిమిది ఫైళ్లు. తేదీలతో సహా.
ఒకటి తెరిస్తే పాలబండి గంట,
ఉమ్ముతో పీక తడుపుకునే చప్పుడు,
"రికార్డు అయితాందా పాపా?"
తర్వాత చానాసేపు దగ్గు.

అన్నీ పెద్ద డిస్కులోకి తోలి, లెక్క రెండుసార్లు చూసి,
నంబరు క్యాలెండరు మీద రాస్తి, పాల లెక్క పక్కన.

నాలుగున్నర.
ఎదురింట్లో బౌళి మొదలాయె.
పన్ను ఊడిన సందులోంచి గాలి
సన్నగా ఈల వేస్తాంది, రాగానికి సంబంధం లేకుండా.
సాబు ఆపి, తిట్టుకోని, మళ్లీ ఎత్తుకున్నాడు.

డిస్కు ఉండాదా అని ఇంకోసారి చూస్తి.
ఉండాది.
రికార్డు అయితాంది.