రైకముడి కాడ

తిరుపతి పెద్దాసుపత్రి, జొరాల వార్డు.
భాకరాపేట కుప్పమ్మకు తొమ్మిదో రోజు.
మలేరియా కాదు, డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు.
కాదులతోనే నిండింది నా కేసు షీటు.
"ఇంకేమన్నా ఉందామ్మా?" పెన్ను మూత పెడుతూ అడిగాను.
"ఏం ల్యా సామీ."

రాత్రి రెండింటికి సెలైన్ మారుస్తూ
ఎస్తేరు సిస్టర్ మేకల సంగతెత్తింది.
ఇప్పుడెవురు తోలకపోతాండారు,
కసువుకు ఏ గుట్టెక్కుతావక్కా,
చూడిమేకకు ఎన్నో నెల అని
చానాసేపు.
అప్పుడు, గొంతు తగ్గించి:
"రైకముడి కాడ ఏందో కరిచిండాది పాపా.
నొప్పి ల్యా. మగ డాక్టరుకు ఎట్ల చూపించేది?"

బీడీ చురకంత నల్లటి పక్కు.

సిస్టర్ నన్ను లేపింది.
స్క్రబ్ టైఫస్ అని రాశాను.
చేతిరాత మాత్రం నాది.

మూడోనాడు జొరం దిగింది.
మేక ఈనిందా అనడిగాను.
"రెండు సామీ," అంది, "ఒకటి తెలుపు."