టికెట్ వెనక

హన్మకొండ చౌరస్తాల యాకూబ్ పరిచిన బరకం మీద
ముప్పై రూపాయలకు దొరికింది నాకు.
నూట ఇరవై అని అట్ట వెనక ఉన్నది.
యాభై కాడ మొదలువెట్టి బేరమాడిన,
గెలిచిన అనుకున్న.

డ్యూటీ దిగినంక, రెస్ట్ రూముల, రెండు రాత్రులు.
పేజీలు ఒకదానికొకటి అంటుకొని ఉంటే
జడపిన్నుతోటి మెల్లగ విడదీసిన.
బీడీలు చుట్టే ఒకామె కథ ఉన్నది అందుల.
ఆమె ఆకు కత్తిరించే చప్పుడు
ఇంజను మోతల గూడ ఇనవడ్డది వారం దాక.

ఆఖరుకు చిన్నక్షరాలు:
ప్రతులకు, గడ్డం ఓదెలు, రిటైర్డ్ టీచర్,
పాత పోస్టాఫీసు సందు, పరకాల.
నా రూటే.
రోజుకు నాలుగుసార్లు ఆ సందు ముంగటి నుంచే
రైట్ రైట్ అనుకుంట పోతున్న.

అప్పటి సంది రంది పట్టుకున్నది.
ఆడోళ్లకు జీరో టికెట్ కొడుత నేను.
పైస లేకున్నా కాయితం ఉంటది,
ఎక్కిన మనిషి లెక్కల ఉంటది,
ఎక్కడో ఎవరో కడుతరు.
బీడీలామె ఎంట నూటనలభై పేజీలు పోయొచ్చిన నేను
ఏ లెక్కల ఉన్న?
ఒకడు దిగిన సీట్ల ఇంకొకడు కూసుంటే
ఇద్దరి కాడ తీసుకుంటం.
సీటు ఎచ్చగున్నదని ఎవడన్న సగమే ఇస్తనంటడా?

డ్రైవరు సమ్మన్నకు చెప్పిన.
గేరు మార్చి అన్నడు:
"నీ స్కూటీ కొత్తదా?"
సెకండ్ హ్యాండే.
"కంపెనోనికేమన్న పంపినవా మరి?
ఎండల కూసునే యాకూబ్‌ది కడుపు గాదా?"
జవాబు రాలె.
నిజమే, పదో తరగతి దాక నేను చదివినయన్నీ
ఎవరో చదివి ఇడిసినయే.
కొత్తయే కొనాలంటే ఈ కొలువే లేకపోవు.
కాని స్కూటీ నాకు ఎన్నడూ నిద్ర చెడగొట్టలె.

మంగళవారం పొద్దుగాల, పరకాల బస్టాండు.
సుతిలితోని కట్టిన రెండు యూరియా సంచులు ముందెక్కినయి,
ఎనుక ఒక ముసలాయన.
"హన్మకొండ ఒకటి బిడ్డా."
లగేజీ పడుతది, ఏమున్నయి?
"కాయితాలు."
కొట్టిన. కట్టిండు.

గూడెప్పాడు కాడ బస్సు ఎగిరేసరికి
సంచి మూతి జారి
నాకెరుకైన అట్ట బయటికి చూసింది.
"నేనే రాసిన" అన్నడు,
టికెట్ లేక దొరికినోని తీరుగ.
"మంచం కింద చెద పడుతున్నది.
యాకూబని ఉన్నడు, కిలోకు పన్నెండిస్తడు,
పేపర్ల కన్న రెండెక్కువ."

అప్పుడు సమజైంది.
నా చేతికొచ్చింది పాత పుస్తకం గాదు.
ఆ అంటుకున్న పేజీలను
నా కంటే ముందు ఎవ్వరూ తెరువలె.
దాన్ని పాతది చేసింది నేనే.

ఒకటియ్యి సారూ అని రెండువందల నోటు పట్టిన.
ఆయన అంగీ జేబు, లోపలి జేబు, ధోతి మడత
అన్నీ తడుముకున్నడు.
జీరో టికెట్ల బస్సు, నా సంచిల గూడ చిల్లర లేదు.
నా చెవెనక పెన్ను అడిగి తీసుకొని
ఆ లగేజీ టికెట్ వెనక
80 అని రాసి, సున్న చుట్టి, సంతకం వెట్టిండు,
అచ్చం నేను రోజూ రాసిచ్చినట్టే.
"దిగేటప్పుడు తీసుకో బిడ్డా."

చౌరస్తాల సంచులకు ఒక చెయ్యేసిన.
చిల్లర మరిచి దిగిపోయేటోళ్లను
పదేండ్ల సంది చూస్తున్న.
మరిచినట్టు చేసుడు నాకిదే మొదటిసారి.

కొత్తది ఇంకా తెరువలె. అందుల ఆ టికెట్ ఉన్నది.
పాతది సమ్మన్న పట్టుకపోయిండు,
బీడీలామె కాడ ఆగిండట.
చదువుడైనంక ముప్పై అడగాల్నా,
అడిగితే అవి ఎవరికియ్యాలె,
ఇంకా తెగలె.