ముదరనిచ్చిన కాయ

నగానోలో, మా పెరటి కంచె అవతల
కియోనో అవ్వకు ఆరు వంగమొక్కలు.
తెల్లారకుండానే కత్తెరతో దిగుతుంది.
ముచ్చిక ముల్లు గుచ్చుకుంటే
వేలు నోట్లో పెట్టుకుని
మొక్కనే కసురుతుంది.

లేతవన్నీ కోసి ఊరబెడుతుంది, మాకూ రెండిస్తుంది.
అడుగుకొమ్మ కాయను మాత్రం ముట్టదు.
అది నేలకానుకుని, గింజపట్టి,
ఇత్తడి రంగుకు తిరుగుతోంది.
"ఇక కూరకు పనికిరాదు కదా" అన్నాను.
"కూరకని ఎవరన్నారు?"

ఆగస్టు. పోయినవాళ్ళు ఇంటికొచ్చే రోజులు.
కీరదోసకు నాలుగు పుల్లలు గుచ్చితే గుర్రం,
దానిమీద దౌడు తీస్తూ వస్తారు.
వంకాయకు గుచ్చితే ఆవు,
దానిమీద నింపాదిగా మళ్ళిపోతారు.

తొకుజి తాత బతికినన్నాళ్ళూ
చెప్పులు సగం తొడిగే బస్సెక్కిన మనిషి.
చివరికి పోవడమూ అంతే,
పొయ్యిమీద పులుసు దించకముందే.

ఇవాళ ఆ ముదురుకాయ కోసింది అవ్వ.
రెండు చేతులా మోసుకొచ్చి
పుల్లలు పొట్టిగా విరిచి గుచ్చింది.
ఆవు పొట్ట అరుగుకు రాసుకుంటోంది.

"ఇది నడవలేదేమో అవ్వా!"

"అంతేనంటావా?" అని
కళ్ళద్దాలు పైకి తోసుకుని
ముందుకాలు ఒకటి
ఇంకాస్త తుంచింది.