లాడపు మేకు

వంపు తిరిగేసరికి ఆ కారు ఆగి ఉంది,
నిమ్మపండు రంగులో, గడ్డిమోపుకన్నా పొట్టిగా.
మా ముర్గు చెవులు నిక్కించి ఒక అడుగు వెనక్కేసింది.
దానికి తెలిసిన బండ్లేవీ అంత నేలబారుగా పడుకోవు.

వెనక కుడి చక్రం కూలబడిపోయింది.
మైలురాయి మీద ఒకామె, తెల్లజుట్టు,
ఒళ్ళో కారుతోపాటు ఇచ్చిన లావుపాటి పుస్తకం.
"ఇందులో స్టెప్నీ అన్న మాటే లేదు" అంది.
"నురగ డబ్బా ఒకటిచ్చారు. దాని గడువు నిరుడే తీరిపోయింది."

పేరు రుక్సాండ్రా.
క్లూజ్ ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు
జనానికి మత్తుమందిచ్చిన డాక్టరట.
పింఛను చేతికొచ్చిన వారమే
ఎవరికీ చెప్పకుండా దీన్ని కొనేసిందట.
"నిద్రపుచ్చీ పుచ్చీ విసుగొచ్చింది గవ్రీలా,
కాస్త మేలుకుందామనిపించింది."

లాగే లారీ బాయా మారె నుంచి రావాలి.
ఆ కొలత టైరు జర్మనీ నుంచి రావాలి.
వాన మాత్రం ప్రిస్లోప్ కనుమ దాటి
ఎవరూ పిలవకుండానే వస్తోంది.

నా గుర్రబ్బండికీ గాలి టైర్లే:
రెండు పాత టాక్సీవి, ఒకటి అంబులెన్సుది,
నాలుగోది ఎక్కడిదని అడగొద్దు.
అందుకే గడ్డి కింద ఎప్పుడూ ఓ రేకు డబ్బా,
అందులో ఆకురాయి, పిడి ఊడిన సూది,
జిగురు పట్టించిన పోగులు, సగం సీసా సారా.
సారా టైరు కోసం కాదు.

గుచ్చుకున్న చోటు అడుగున ఉండిపోయింది.
స్టార్ట్ చేస్తే రిమ్ము రబ్బరును కోసేస్తుందని ఆమె భయం.
పుస్తకంలో నాలుగు వందల గుర్రాల బలమని రాసుంది.
సగం చుట్టు కదలడానికి
నాలుగు వందల ఒకటోది కావలసి వచ్చింది.
ముర్గు లాగింది, అవమానంగా, తల పక్కకు తిప్పుకుని.

పట్టకారుతో పీకాను.
పలకల ఒళ్ళు, ఒక పక్క చదునైన తల.
మా లోయలో అలా కొట్టే కమ్మరి ఒక్కడే మిగిలాడు.
ఆ మేకులతో నడిచే కాళ్ళు కూడా నాలుగే.

"ఏమిటది?"
"ఇనప ముక్క" అన్నాను. అబద్ధం కాదు.
జేబులో వేసుకున్నాను.
గుమ్మడికాయ దొంగెవరని ఆమె అడగనే లేదు,
నా చెయ్యి మాత్రం భుజం దాకా పోయి
అక్కడేదో ఈగను తోలినట్టు తోలింది.

రంధ్రాన్ని ఆకురాయితో గీకాను.
పోగు సూదికెక్కించి, ఒళ్ళంతా బరువేసి నొక్కాను.
ఆమె పంపు కారులోంచి కరెంటు తాగుతూ
కందిరీగలా అరగంట అరిచింది.
ఉమ్ము రాసి చూశాను. బుడగ లేదు.
మళ్ళీ రాశాను. ఆమె వంగి చూస్తోంది,
ఊపిరి ఆడుతోందా లేదా అన్నట్టు.

రెండు వందలిచ్చింది. వద్దన్నాను.
ఇంకో వంద కలిపింది. గట్టిగానే అన్నట్టున్నాను ఈసారి.
"ఇంకా ఇలాంటివాళ్ళున్నారన్నమాట" అంది.
ముర్గు తలూపింది, దోమ కుట్టి.

కారు కదిలి, పది బారలు పోయి, ఆగింది.
అద్దం దించి వెనక్కి చూస్తూ కేకేసింది:
"మీ గుర్రం వెనక ఎడమ కాలు వదులుగా వేస్తోంది.
లాడం చూపించండి!"
నవ్విందో లేదో వంపు చూడనివ్వలేదు.
ముప్పై నాలుగేళ్ళు మనుషుల గుండెచప్పుడు
వింటూ కూచున్న మనిషి. ఎప్పట్నుంచి వింటోందో.

మైలురాయి మీద పెట్టి ఆ మేకును సుత్తితో కొట్టాను.
తిన్నగా కాలేదు.
వాన మొదలైంది. బండెక్కబుద్ధి కాలేదు.
కళ్ళెం పట్టుకుని పక్కనే నడిచాను ఇంటిదాకా,
టక్, టక్, టక్,
కాసేపాగి,
టప్.