మొదటి డబ్బా

ఓల్డ్ పోస్టాఫీసు వెనక సందులో
డిసౌజా మూడు డబ్బాల మూతలు తీశాడు.

పైపు ఇచ్చిన గ్రీకు ఇంజనీరు ఓడతో పాటే పోయాడు,
అందులో ఏం కూరాలో చెప్పకుండానే.
టగ్గు మీద నూనె పోసేవాణ్ణి నేను,
గ్రీజు తప్ప ఏ వాసననీ నమ్మను.

మొదటిది ఎండుగడ్డి తీపి.
"వర్జీనియా. మన రాజమండ్రి ఆకుకి మేనత్త కూతురు."
రెండోది కొంచెం పులుపు, పాత లెడ్జరు అట్టలాగ.
మూడోది నల్లగా
తారు, తడిసిన మోకు, వాన పడి ఆరిన పొయ్యి.
ఒకడుగు వెనక్కేశాను.

"లటాకియా. పొగలో ఎండేసిన ఆకు.
ఇంగ్లీషోళ్ల కలపకం ఇదే.
కొత్తోడివి, ఇది తక్కువున్నది పట్టుకెళ్లు.
తొందరపడి పీల్చకు, నాలిక కాలుద్ది."

ఎక్కువున్నదే కట్టమన్నాను.
ఎందుకో అప్పుడు తెలీలేదు.

పెదజాలారిపేట ఇసకలో, తిరగేసిన తెప్ప మీద
పదకొండు అగ్గిపుల్లలు.
నాలిక కాలనే కాలింది.
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు తిరుగుతోంది,
నాది మాత్రం ఆరిపోతోంది.

కాసులమ్మ పెద్దమ్మ అడ్డపొగ చుట్ట,
నిప్పు కొస నోట్లోపల,
బయటికి తీసి అడిగింది:
"నిప్పుని చెక్కలో దాసినావేటిరా?
సలి నీకా, దానికా?"

డబ్బా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"కవ్వళ్లు పొగేసిన తట్ట వాసన" అంది.
"ఏ ఊరోళ్లో గానీ
ఆళ్లకీ సముద్రం దగ్గరేరా."

ఒక చిటికెడు తీసి కొంగున ముడేసుకుంది.

పన్నెండో పుల్ల గీశాను.